సీఎఫ్ఆర్ పట్టా వచ్చింది, వెదురు కూపు మేమే వేసుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొండదారి:

రంప ఏజెన్సీలో ఒక కొండరెడ్ల గూడెం సంగతి ఇది. 62 గడపలు. గ్రామసభ పేరు మీద సామాజిక అటవీ వనరుల పట్టా, అదే అందరూ సీఎఫ్ఆర్ అంటున్నది, చేతికొచ్చింది. మొత్తం 1,140 ఎకరాలు. అందులో వెదురు దండిగా ఉన్నది 400 ఎకరాల దాకా. గట్ల మీద సన్న వెదురు, వాగుల పక్కన ముళ్ల వెదురు. చాలా ఏళ్లుగా కూపు, అంటే వంతులవారీ వెదురు కోత, పడలేదు, పొదలన్నీ చిక్కుపడి ఉన్నాయి. ఈ చలికాలంలో మొదటి కూపు వేద్దామని గ్రామసభ అనుకుంటోంది.

తేలనివి ఇవి. కొట్టడానికి అటవీశాఖ అనుమతి కావాలా? ఏడాదికి ఎన్ని గెడలు కొట్టొచ్చో లెక్క ఎలా కట్టాలి? లారీకి పర్మిట్ ఎవరు రాయాలి? ఊళ్లో పాత వీఎస్ఎస్ (వన సంరక్షణ సమితి) ఒకటి ఉంది, డబ్బు తమ ఖాతాలోకే రావాలని వాళ్లు అంటున్నారు. పైగా కిందనుంచి ఒక వ్యాపారి వచ్చి, అడ్వాన్సు ఇస్తాను, కూలీలను నేనే తెచ్చుకుంటాను, మీరు పర్మిట్ పుస్తకం మీద సంతకం పెడితే చాలు అంటున్నాడు. విషయం తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.


బీట్‌రోడ్డు:

ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది? రేంజి ఆఫీసులో దరఖాస్తు పెట్టండి, వాళ్లు మార్కింగు చేసి, అంటే కొట్టాల్సినవి గుర్తుపెట్టి ఇస్తారు. సర్పంచి సంతకంతో పంచాయతీ తీర్మానం జతచేస్తే సరిపోతుంది. వ్యాపారి సొంత కూలీలను తెచ్చుకుంటే మీకే ఇబ్బంది తక్కువ.


గట్టుచావిడి:

బీట్‌రోడ్డు గారూ, ఈ మూడు మాటలూ తప్పే. మొదటి రెంటి సంగతి నేను చెప్తాను, మూడోది వెదురు తెలిసినవాళ్లకు వదిలేస్తాను.

కొండదారి గారూ, ముందు పట్టా కాగితం తీసి చూడండి. అనుబంధం-4 అయితే అది 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఐ) కింద అడవిని కాపాడుకుని, పెంచుకుని, నిర్వహించుకునే హక్కు. వెదురు, తునికాకు, తేనె లాంటివి సేకరించి అమ్ముకునే యాజమాన్య హక్కు సెక్షన్ 3(1)(సి)లో ఉంది, దాని పట్టా అనుబంధం-3. చాలా గూడేలకు ఒకటే వచ్చి ఉంటుంది. రెండూ ఉంటే చెక్‌పోస్టు దగ్గర వాదన ఉండదు. అనుబంధం-3 లేకపోతే ఇప్పుడే ఫారం-బి నింపి, అందులో వెదురు అని పేరు పెట్టి రాసి గ్రామసభలో పెట్టండి. క్లెయిముల గడువు మూడు నెలలు అన్నా, కారణం రాసి ఆ గడువు పొడిగించే అధికారం గ్రామసభకే ఉంది.

అనుబంధం-4లో ఇంకో వాక్యం వెతకండి. చట్టంలో, నియమాల్లో ఉన్నవి తప్ప ఈ హక్కు మీద వేరే షరతులేవీ పెట్టడం లేదు అని నమూనాలోనే ఉంది. కొన్ని పట్టాల్లో ఆ వాక్యం తీసేసి, అటవీశాఖ నిబంధనలకు లోబడి అని టైపు చేస్తారు. అలా ఉంటే సవరించమని జిల్లా స్థాయి కమిటీకి రాతపూర్వకంగా పెట్టి రశీదు తీసుకోండి. కలెక్టరు, డీఎఫ్ఓ (డివిజనల్ అటవీ అధికారి), జిల్లా గిరిజన సంక్షేమ అధికారి, ముగ్గురి సంతకాలూ ఉన్నాయా అన్నది కూడా చూసుకోండి.

ఇక అనుమతి మాట. ఈ చట్టం లెక్కలో వెదురు చెట్టు కాదు, చిన్నతరహా అటవీ ఉత్పత్తి. 2006 చట్టం సెక్షన్ 2(ఐ)లోనే వెదురు పేరు ఉంది. కాబట్టి రేంజరు మార్కింగు కోసం ఆగనక్కర్లేదు. అలాగని రేపే కత్తి పట్టమని కాదు. ఈ చట్టం కింద వచ్చిన నియమాల్లో 4(1)(ఇ) ప్రకారం గ్రామసభ తన సభ్యులతో ఒక కమిటీ వేయాలి, ఆ కమిటీ నిర్వహణ ప్రణాళిక రాయాలి, దాన్ని గ్రామసభ ఆమోదించాలి. అటవీశాఖ వర్కింగ్ ప్లానుతో దాన్ని కలపమని నియమం చెబుతుంది. ఏ మార్పులు అవసరమో చూసుకుని కలిపేది మీ కమిటీయే. ప్రణాళిక నకలు ఒకటి డీఎఫ్ఓకు పంపి అందినట్టు ముద్ర వేయించుకోండి. అది సమాచారం ఇవ్వడమే, అనుమతి అడగడం కాదు. ఉత్తరంలో కూడా ఆ తేడా కనబడాలి: "అనుమతించగలరు" అని ఒక్కసారి రాసి ఇచ్చారా, తర్వాత ఆ ఫైలు మీ చేతిలో ఉండదు.

ఒక హద్దు మాత్రం మరిచిపోవద్దు. కలప ఈ హక్కులో లేదు. వెదురు లారీలో నాలుగు టేకు దుంగలు దొరికితే వెదురు మొత్తం కేసులోకి పోతుంది. పట్టా భూమి పాపికొండల జాతీయ పార్కు లోపల పడుతుంటే ఇంకా వేరే చిక్కులుంటాయి, అది విడిగా అడగండి.

తీర్మానం: పంచాయతీ తీర్మానం చెల్లదు. గ్రామసభ అంటే ఇక్కడ మీ గూడెంలో ఓటు వయసు వచ్చిన వాళ్లందరూ. ఆ నియమాలకు 2012లో చేసిన సవరణ తర్వాత కోరం సగం మంది, అలా వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. 62 గడపల్లో 180 మంది పెద్దవాళ్లున్నారనుకుంటే 90 మంది రావాలి, అందులో 30 మంది ఆడవాళ్లు. సంతకాలు, వేలిముద్రలు ఉన్న పేజీకి పైన తీర్మానం పూర్తి పాఠం ఉండాలి. ఖాళీ కాగితం మీద సంతకాలు తీసుకుని తర్వాత పాఠం రాయించడం దగ్గరే సగం గొడవలు పుడతాయి.

వీఎస్ఎస్: ఉమ్మడి రాష్ట్రంలో 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యం కింద మొదలైనవి ఇవి, 2002 తర్వాత ప్రపంచబ్యాంకు డబ్బుతో సామాజిక అటవీ యాజమాన్యం పేరుతో నడిచాయి. అటవీశాఖతో ఒప్పందం మీద పనిచేసే సంఘం అది. అటవీ హక్కుల చట్టంలో వీఎస్ఎస్ అన్న మాటే లేదు. చట్టం వచ్చిన కొత్తలో మన దగ్గర సీఎఫ్ఆర్ పట్టాలు వీఎస్ఎస్‌ల పేరు మీదే ఇచ్చి విమర్శలపాలయ్యారు. మీ పట్టా గ్రామసభ పేరు మీద ఉంది కాబట్టి డబ్బు గ్రామసభ కమిటీ ఖాతాలోకే వెళ్లాలి. వీఎస్ఎస్ పెద్దలను శత్రువులను చేసుకోవద్దు. వాళ్లలో లెక్కలు, మొక్కల పెంపకం తెలిసినవాళ్లు ఉంటారు, గ్రామసభ ఒప్పుకుంటే కొత్త కమిటీలోకి తీసుకోండి. పాత ఖాతాలో ఉన్న సొమ్మును మాత్రం ఇందులో కలపొద్దు.

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా మెంఢాలేఖ సంగతి విని ఉంటారు. 2009లో దాదాపు 1,800 హెక్టార్లకు పట్టా వచ్చింది. అయినా సొంతంగా వెదురు అమ్ముకోవడానికి రవాణా పర్మిట్ల పుస్తకం చేతికి రావడం 2011 ఏప్రిల్‌లో, అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ స్వయంగా వచ్చి ఇప్పించాక. ఆ తర్వాత 2012 సవరణలో పర్మిట్ ఇచ్చే అధికారం గ్రామసభ కమిటీదే అని నియమంలోకే ఎక్కింది. మీకు ఆ రెండేళ్ల పోరాటం అక్కర్లేదు, నియమం కాగితం చేతిలో ఉంటే చాలు.


పొదకాపు:

వ్యాపారి కూలీల సంగతి, లెక్క సంగతి నేను చెప్తాను. ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడినవే.

వెదురు పొద నడిమి నుంచి బయటికి పెరుగుతుంది. ముసలి గెడలు మధ్యలో, ఈ ఏటి లేత గెడలు అంచున. బయటి కూలీకి గెడకింత అని లెక్కకడితే వాడు అంచున అందుబాటులో ఉన్నదే కొడతాడు. అంటే లేతవే పోతాయి. మధ్యలో ముదిరినవి, ఎండినవి ఒకదానిమీద ఒకటి ఇరుక్కుని అలాగే ఉంటాయి. కొత్త కొమ్ము, అంటే నేలలోంచి వచ్చే వెదురు మొలక, ఎక్కడ పుడుతుంది? పక్కనున్న ఏడాది, రెండేళ్ల గెడల దుంప నుంచి. వాటిని కొట్టేస్తే మూడో ఏటికి కొమ్ములు వేలెడు లావున, వంకరగా వస్తాయి. మీ పొదలు చాలా ఏళ్లుగా కూపు పడక చిక్కుపడ్డాయంటున్నారు కాబట్టి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అందుకే కొట్టేది ఊరివాళ్లే ఉండాలి, వ్యాపారి డిపో దగ్గర కొనుక్కోవాలి. అడ్వాన్సు తీసుకున్నా కోత చేతికివ్వద్దు.

వయసు గుర్తుపట్టడం: ఈ వానాకాలం గెడకు కణుపుల దగ్గర తొడుగు పొరలు ఇంకా అంటుకుని ఉంటాయి, ఒంటి మీద తెల్లటి పొడి, కింది కణుపులకు కొమ్మలుండవు. రెండో ఏడు తొడుగులు రాలిపోతాయి, ముదురు పచ్చగా ఉంటుంది. మూడో ఏడు దాటితే రంగు పసుపుకు తిరుగుతుంది, బూడిదరంగు మచ్చలు కడతాయి, కత్తి వెనకవైపుతో కొడితే ఖంగుమంటుంది. కొట్టాల్సింది ఈ మూడో రకమే. గెడ ఎత్తూ లావూ పుట్టిన ఏడు మూడు నాలుగు నెలల్లోనే అయిపోతాయి, తర్వాత పెరగదు, గట్టిపడుతుందంతే. కాబట్టి ఇంకో ఏడు ఉంచితే లావవుతుందిలే అనుకోవడం వట్టిది, ఇంకో ఏడు ఉంచితే గట్టిపడుతుంది అన్నది నిజం.

లెక్క. 400 ఎకరాలను నాలుగు కూపులు చేయండి, ఏటికి 100 ఎకరాలు. నాలుగేళ్ల తర్వాత మళ్లీ మొదటి కూపుకు రావాలి. హద్దులు వాగు, బాట, గట్టు నడినెత్తి లాంటి కంటికి కనబడేవి పెట్టుకోండి. మొదటి కూపులో 20 చోట్ల, ఒక్కోటి 20 మీటర్లు పొడవు 20 మీటర్లు వెడల్పు ఉండే మడి తాడుతో పట్టండి. మూల నుంచి మూలకు 28.3 మీటర్లు వస్తే మడి చతురస్రంగా ఉన్నట్టు. ఒక్కో మడి ఎకరంలో పదో వంతు. మంచి పొదలున్న చోట్లే మడి వేయాలనిపిస్తుంది, అది చేయొద్దు. కూపు పటం మీద ముందే చుక్కలు పెట్టుకుని, అక్కడ రాయి ఉన్నా గడ్డి ఉన్నా అక్కడే వేయాలి.

ఒక ఉదాహరణ. 20 మడుల్లో కలిపి 118 పొదలు వచ్చాయనుకోండి. రెండెకరాలకు 118 అంటే ఎకరానికి 59, వంద ఎకరాలకు 5,900. పొదకు సగటున 24 గెడలు: ఈ ఏటివి 4, నిరుటివి 4, ముదిరినవి 11, ఎండినవీ విరిగినవీ 5. ఈ ఏటివి, నిరుటివి ఒక్కటీ తాకకూడదు. ముదిరిన 11లో కనీసం 6 నిలవాలి, అవి లేకపోతే కొత్త గెడలకు ఆసరా ఉండదు, గాలికి ఒరిగిపోతాయి. అంటే పొదకు 5. మొత్తం 29,500. వాగుకు ఇరువైపులా 20 మీటర్లు, నిటారు వాలు, లెక్కలో తప్పు, వీటికి పావు వంతు తీసేస్తే 22,000. మొదటి ఏడు ఆ అంకె దాటొద్దు. ఎండినవి, విరిగినవి ఈ లెక్కలోకి రావు, పొద శుభ్రం చేసేటప్పుడు వేరే గుట్టగా వస్తాయి.

కోత. జూన్ 15 నుంచి అక్టోబరు 15 దాకా కత్తి పెట్టొద్దు, కొమ్ములు విరుగుతాయి. కొట్టే చోటు నేల నుంచి జానెడు కంటే తక్కువ కాకుండా, మూరెడు దాటకుండా, కణుపుకు సరిగ్గా పైన. కణుపుకు నాలుగు వేళ్లు పైన కొడితే మోడు మీద గిన్నెలా మిగులుతుంది. వానకు నీళ్లు నిలిచి, కుళ్లు దుంపదాకా దిగుతుంది. ఒక కూపులో ఎవరు సరిగ్గా కొట్టారో చూడాలంటే మోళ్లలో నీళ్లున్నాయా అని చూస్తే చాలు. గొడ్డలికంటే బరువు కత్తి మేలు, గొడ్డలి మోడును చీలుస్తుంది.

చిక్కుపడ్డ ముళ్ల వెదురు పొదకు ఒకవైపు, కొత్త కొమ్ములు తక్కువున్న వైపు, గుర్రపు లాడం ఆకారంలో దారి తెరిచి మధ్యలోకి వెళ్లి ముసలివి తీయాలి. చుట్టూ గీకినట్టు కొట్టకూడదు. ముళ్లకొమ్మలు మనిషెత్తు దాకా ముందే నరికి పక్కకు లాగాలి, పొద మీద వదిలేస్తే నిప్పుకు అదే మొదటి మేత. దుంప తవ్వడం పూర్తిగా మానాలి.

పుచ్చు మాట కూడా. పున్నమి రోజుల్లో కొట్టిన వెదురు పుచ్చుతుందని పెద్దలంటారు. చంద్రుడి సంగతి ఎలా ఉన్నా, గెడలో పిండిపదార్థం ఎక్కువున్నప్పుడు కొడితే పురుగు పడుతుందన్నది ఖాయం. చలికాలం కోతకు అది తక్కువ. కొట్టినవాటిని నేలమీద పరచకుండా అడ్డకర్రల మీద, నీడన పేర్చండి.

కూలి గెడకు కడతారు సరే, ఒక షరతు పెట్టండి: లేత గెడ డిపోకు వస్తే దానికి కూలి లేదు, పైగా రెండు ముదురు గెడల కూలి కోత. ఇది గ్రామసభలో ముందే చదివి వినిపించాలి. కోత అయ్యాక పెడితే గొడవే.


కొండదారి:

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ దండం. ఇంకో మూడు చిక్కులున్నాయి.

ఒకటి, కిందూళ్లో 18 మేదర కుటుంబాలు. తాతల కాలం నుంచి ఈ గట్ల మీదనుంచే బుట్టలకు, చాటలకు వెదురు తెచ్చుకుంటున్నారు. వాళ్లకు కావాల్సింది లేత గెడే, ముదిరింది చీలిక సన్నగా రాదంటారు. రెండు, వానాకాలంలో వెదురు కొమ్ములు కూరకు కోసుకోవడం మా ఊరి అలవాటు, సంతకు కూడా పోతాయి. మూడు, ఒక గట్టున ఏడెనిమిది పొదలు ఈ ఏడు పూశాయి. అవి చచ్చేవే కదా, ముందే కొట్టి అమ్మేద్దామని కొందరి మాట.


గట్టుచావిడి:

మేదర్ల విషయం తేల్చకుండా కూపు మొదలుపెట్టొద్దు. వాళ్లు మీ గ్రామసభ సభ్యులు కారు, కానీ వాళ్ల వాడకం పాతది. సెక్షన్ 5 కింద ఎవరు రావాలో, ఎంత తేవాలో నియంత్రించే అధికారం మీ గ్రామసభకు ఉంది. దాన్ని వాళ్లను తరిమెయ్యడానికి వాడితే రాత్రిపూట లేత గెడలు పోతాయి, కాపలాకు అయ్యే ఖర్చు వెదురు విలువను మించుతుంది. వాళ్ల పెద్దలను ఒక గ్రామసభకు పిలిచి, మాట్లాడింది రెండు ప్రతులుగా రాసుకోండి. కమిటీలో ఓటు అక్కర్లేదు, వెదురు ఎజెండాలో ఉన్న రోజు కూర్చునే చోటు ఇవ్వండి. వాళ్ల ఊరికి కూడా ఇదే అడవిలో హక్కుందని క్లెయిము ఉంటే మాత్రం అది వేరే లెక్క. నియమం 12(3) ప్రకారం రెండూళ్ల అటవీ హక్కుల కమిటీలు కలిసి కూర్చుని, తేల్చింది రాతలో పెట్టి తమ తమ గ్రామసభలకు ఇవ్వాలి.


పొదకాపు:

లేత గెడ కావాలంటే దారి ఉంది. ఆ ఏడు కూపు పడే 100 ఎకరాల్లోనే, పొదకు నాలుగు కంటే ఎక్కువ కొత్త గెడలున్న చోట, ఒకదానికొకటి రాసుకుంటున్నవి, వంకరగా వచ్చినవి పొదకు ఒకటి చొప్పున ఇవ్వొచ్చు. అంచున వరసగా కాకుండా ఎడమెడంగా తీయాలి. ఎంపిక కమిటీ మనిషిది, కోత మేదరిది. ముందురోజే సున్నంతో కణుపు మీద గుర్తు పెడితే వాదన ఉండదు. కుటుంబానికి ఏడాదికి ఇన్ని అని తీర్మానంలో అంకె పెట్టండి, నెలవారీగా విడగొట్టండి. వాళ్లకు పచ్చిగెడ కావాలి, ఒక్కసారే ఇస్తే ఎండిపోతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా కోత ఆపితే వాళ్లకు పని ఆగుతుంది. దానికి తేలికైన మందు లేదు. సెప్టెంబరు చివర్లో కొట్టుకుంటామని అడుగుతారు, ఒప్పుకోవద్దు. దాని బదులు అక్టోబరు మూడోవారంలో కూపు మొదటి రోజులు వాళ్లకే వదలండి.

ధర మేదర్లకు, లారీకి ఒకటే పెట్టకూడదని నా అభిప్రాయం. వాళ్లకు కూలి ఖర్చు మేరకే పెట్టండి.

కొమ్ములు: వానాకాలం మొదట్లో వచ్చేవి బలమైనవి, గెడలయ్యేవి అవే. ఆఖర్న, వానలు వెనకపట్టాక వచ్చేవి చాలావరకు పొదలోనే మాడిపోతాయి. కాబట్టి కట్టుబాటు ఇలా పెట్టొచ్చు: ముందు వచ్చినవి పొదకు నాలుగు నిలిచేదాకా ఏదీ కోయకూడదు, ఆ తర్వాతివి ఇంటి కూరకు కోసుకోవచ్చు. ఈ ఏడు కూపు పడ్డ వంద ఎకరాల్లో రాబోయే వానాకాలం కొమ్ము అసలు కోయకూడదు. సంతకు పోయేది ఎంతో ఒక ఏడు రాసిపెట్టండి, అంకె చూశాక ఆపాలో వద్దో గ్రామసభే తేలుస్తుంది. ఆడవాళ్లు లేని సభలో ఈ తీర్మానం చేస్తే నిలవదు, కొమ్ములు కోసేది వాళ్లు.


చెక్‌పోస్టుచెట్టు:

పర్మిట్ ఎలా రాయాలి, లారీ ఎలా పంపాలి అన్నది ఎవరూ వివరంగా చెప్పలేదు.

నియమం 2(1)(డి) వివరణ చూడండి. రవాణా పర్మిట్ ఇచ్చేది 4(1)(ఇ) కమిటీ, లేదా గ్రామసభ అధికారం ఇచ్చిన మనిషి. రాయల్టీ, రుసుము ఏవీ లేవు. కమిటీ పర్మిట్ల మీద తీసుకునే నిర్ణయాలు 4(1)(జి) కింద గ్రామసభ ఆమోదానికి రావాలి. కాబట్టి పర్మిట్లు ఇచ్చే పద్ధతి, సంతకం చేసే ఇద్దరి పేర్లు ఒకే తీర్మానంలో ముందే ఆమోదించుకోండి. ప్రతి లారీకి సభ పిలవలేరు కదా.

పుస్తకం వరుస నంబర్లు అచ్చువేయించి, ఒక్కో పర్మిట్ మూడు ప్రతులుగా ఉండాలి. ఒకటి డ్రైవరుకు, ఒకటి రేంజి ఆఫీసుకు సమాచారంగా, ఒకటి పుస్తకంలోనే. పేజీలో ఉండాల్సినవి: గ్రామసభ పేరు, పట్టా నంబరు, తేదీ, కూపు నంబరు, ఎక్కించిన చోటు, గెడల సంఖ్య అంకెల్లోనూ అక్షరాల్లోనూ, పొడవు, లారీ నంబరు, డ్రైవరు పేరు, కొన్నవాడి పేరు, చేరే ఊరు, వెళ్లే దారి, బయల్దేరిన గంట, ఎప్పటిదాకా చెల్లుతుంది, ఇద్దరి సంతకాలు, ముద్ర. చెల్లుబాటు గంట వేయకపోతే ఒకే కాగితంతో రెండు ట్రిప్పులు నడుస్తాయి. లారీలను పట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. తప్పు రాసిన పేజీ చింపకుండా అడ్డగీత కొట్టి పుస్తకంలోనే ఉంచాలి, నంబరు తెగితే లెక్క తెగినట్టే.

మొదటి లారీ కదలడానికి పదిహేను రోజుల ముందే దారిలో పడే ప్రతి చెక్‌పోస్టుకు, డీఎఫ్ఓకు, పోలీస్ స్టేషనుకు పట్టా నకలు, తీర్మానం నకలు, ఇద్దరి సంతకాల నమూనా, ఖాళీ పర్మిట్ నమూనా పంపి రశీదులు తీసుకోండి. 1970 నాటి రవాణా నియమాల కింద తమ పర్మిట్ కావాలని చెక్‌పోస్టులో ఆపితే, డ్రైవరు చేతిలో ఈ రశీదు నకలు, 2012 సవరణ నియమాల తెలుగు ప్రతి ఉండాలి. ఆపినవాళ్లను కారణం కాగితం మీద రాసిమ్మని అడగమనండి. రాసివ్వాల్సివచ్చినప్పుడు చాలా లారీలు కదులుతాయి.

అమ్మకం: కనీసం ముగ్గురు వ్యాపారుల దగ్గర మూసిన కవర్లలో రేట్లు తీసుకుని సభలోనే విప్పి చదవండి. గెడకింత అన్నప్పుడు పొడవు, మొదలు చుట్టుకొలత ఎన్ని అంగుళాలో రాయాలి. లేకపోతే డిపోలో వ్యాపారి మంచివి ఏరుకుని మిగతావి వదిలేస్తాడు. డబ్బు మొత్తం ఖాతాలో పడ్డాకే లారీ ఎక్కించాలి, చెక్కు ఇస్తే అది పడేదాకా ఆగాలి. ఖాతా ముగ్గురి పేరు మీద, అందులో ఒక మహిళ, ఏ ఇద్దరు సంతకం పెట్టినా సరే అని కాకుండా ముగ్గురూ పెట్టాల్సిందే అని పెట్టుకోండి. నెమ్మది అవుతుంది, అయినా సరే. ముందు కూలి పోవాలి, తర్వాత పుస్తకాలు, నిప్పుదారి ఖర్చు, మిగిలింది ఎలా పంచాలో సభ ఇష్టం. గడపకింత సమానంగానా, ఊరుమ్మడి నిధికా అన్నది కోతకు ముందే రాసుకోవాలి. డబ్బు కనబడ్డాక రాసుకోలేరు.


వాగొడ్డు:

నిప్పుదారి అన్నారు కాబట్టి చిన్న మాట. కూపు శుభ్రం చేసిన కొమ్మలు పొదకు కనీసం మూడు మీటర్ల దూరం లాగి చిన్న గుట్టలు పెట్టండి. పట్టా హద్దు వెంట 6 మీటర్లు, కూపుల మధ్య 3 మీటర్లు వెడల్పున గడ్డి కోసి జనవరి, ఫిబ్రవరిలో తెల్లవారుజామున, మంచు ఆరకముందే కాల్చి శుభ్రం చేయాలి. మార్చికి వదిలితే ఆ నిప్పే అడవిని పట్టుకుంటుంది. ఎండాకాలం నిప్పు ఎక్కువగా రెండు చోట్ల మొదలవుతుంది: ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చినప్పుడు, తునికాకు చిగురు కోసం పొదలు కాల్చినప్పుడు. ఇప్పచెట్టు కింద కాల్చడం బదులు ఆకు ఊడ్చుకోవాలని, ఊడ్చేది ఆ చెట్టు పువ్వు ఏరుకునే ఇంటివాళ్లే అని చెట్టువారీగా పేర్లు రాసుకుంటే నిప్పు బాగా తగ్గుతుంది. కాపలాకు ఒడిశాలో తెంగాపల్లి అని ఒక పద్ధతి ఉంది, కర్ర ఏ గడప ముందు ఉంటే ఆ రోజు వంతు వాళ్లది, సాయంత్రం పక్కింటి ముందు పెడతారు. 62 గడపలకు రెండు కర్రలు తిప్పితే నెలకోసారి వంతు వస్తుంది.


పొదకాపు:

పూసిన పొదల సంగతి మిగిలిపోయింది. పూసిన పొద చస్తుందన్నది నిజం, ఒకసారి పూసి గింజ కట్టాక సన్న వెదురైనా ముళ్ల వెదురైనా ఎండిపోతుంది. కానీ ఇప్పుడే కొడితే గింజ రాలదు, ఆ గట్టు మీద మళ్లీ వెదురు రాదు. గింజ పూర్తిగా రాలేదాకా కత్తి పెట్టొద్దు. వెదురు బియ్యం ఏరుకునేవాళ్లకు పొద చుట్టూ రెండు గజాలు వదిలి ఏరమని చెప్పండి. ఎండిన గెడలు ఆ తర్వాత కొట్టుకోవచ్చు, బలం తగ్గి ఉంటుంది, పందిళ్లకు, దడులకు పోతాయి, లారీ సరుకులో కలపకండి. ఏడెనిమిదే పూశాయంటే విడిపూత కావచ్చు. వచ్చే ఏడు ఆ గట్టంతా పూస్తే మాత్రం కూపు వరుస మార్చి, ముందు అక్కడికే వెళ్లాల్సివస్తుంది. ఇప్పుడు పూసిన పొదలన్నిటికీ నంబరు వేసి, పటం మీద చుక్క పెట్టి, పూత చూసిన నెల రాసుకోండి.

గింజ మొలిచాక మొదటి రెండు వానాకాలాలు ఆ చోటికి మేకలు పోకుండా, నిప్పు రాకుండా చూడాలి. మొలక గడ్డిపోచలాగే ఉంటుంది, కాపరికి తేడా తెలియదు. చుట్టూ ముళ్ల వెదురు కొమ్మలతోనే దడి కట్టేయండి. కోతకొచ్చే పొద కావడానికి ఎనిమిది పదేళ్లు పడుతుంది, అందుకని ఆ చోటును నాలుగు కూపుల లెక్కలోంచి తీసేసి 400 ఎకరాల అంకె సరిచేసుకోండి.